కాగితం మీద ఒప్పుకున్నది కట్టకపోతే

మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు కార్యదర్శి గారు చదివి వినిపించారు. మా కమిటీ దగ్గరున్న లెక్కలు ఆడిట్‌లో కనపడవు. అవి విడాకులు తీసుకున్న మన చెల్లెళ్ళకు రావలసిన డబ్బుల లెక్కలు. పంచాయితీలో ఇస్తామని ఒప్పుకొని ఇయ్యనివి, కోర్టు ఇమ్మని చెప్పినా ఇయ్యనివి. ఈ మాట మహాసభలో ఎందుకని కొందరు అడిగారు. మన సంఘంలో ఒక సభ్యురాలు రెండు కిస్తీలు తప్పితే మీటింగులో ఎంత చర్చ జరుగుతుందో మీ అందరికీ తెలుసు. ఆమె ఎందుకు కట్టలేదో అడుగుతాం, ఇంటికి పోతాం, తీర్మానం పుస్తకంలో రాస్తాం. అదే ఆమెకు మొగుడు నుంచి రావలసిన ఇరవై కిస్తీలు తప్పిపోతే మనం ఆ సంగతి అడగనే అడగం. ఆమె కిస్తీ తప్పడానికి అసలు కారణం చాలాసార్లు అదే.

కోర్టు భాషలో దీన్ని మనోవర్తి అంటారు, పేపర్లలో భరణం అని రాస్తారు, మన నోట అయితే తిండి ఖర్చు. మూడూ ఒకటే. ఈ రోజు మేము చెప్పేది ఒక్కటే ప్రశ్న గురించి. ఇస్తానన్నవాడు ఇయ్యకపోతే ఏమవుతుంది? "ఏమయితది, ఏం కాదు" అని మన ఊళ్ళల్లో మగవాళ్ళూ అనుకుంటున్నారు, ఆడవాళ్ళూ అనుకుంటున్నారు. అది నిజం కాదు.

ముందు మన దగ్గర ఎక్కువగా కనపడే కాగితం గురించి చెప్తాం. వంద రూపాయల బాండు పేపరు. పైన ఇద్దరి పేర్లు, కింద నలుగురు పెద్దమనుషుల సంతకాలు, వేలిముద్రలు. ఈ రోజు నుంచి ఒకరితో ఒకరికి సంబంధం లేదని, మగమనిషి అరవై వేలు మూడు విడతల్లో ఇస్తాడని, ఆడమనిషి ఇక మీదట ఏమీ అడగకూడదని రాసి ఉంటుంది. మా దగ్గరకు వచ్చిన ఒక చెల్లెలి కాగితం అచ్చంగా ఇలాంటిదే. మొదటి ఇరవై వేలు ఆ రోజే చేతిలో పెట్టారు. రెండో విడత మిర్చి అమ్మాక అన్నారు. మూడోది తునికాకు డబ్బులు పడ్డాక అన్నారు. రెండు మిర్చి పంటలు పోయాయి, రెండు సార్లు కల్లాల్లో ఆకు లెక్కలు కూడా అయిపోయాయి. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆశ్రమ పాఠశాలలో ఉంది, చిన్నోడు ఆమె దగ్గరే.

పంచాయితీ పెద్దల్ని మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. కోయ గూడేల్లో కుల పెద్దలు కూర్చొని తగువు తీర్చడం, తప్పు కట్టించడం తరతరాలుగా ఉన్నదే. ఒకప్పుడు అది పనిచేసింది కూడా. ఇద్దరూ పక్క పక్క గూడేల్లోనే బతికేవాళ్ళు, పండగకు పెద్దల ముందు కూర్చోవాలి, పెళ్ళి పేరంటాలకు పిలుపులుండాలి, కాబట్టి ఒప్పుకున్నది కట్టక తప్పేది కాదు. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పనికి పోతాడు, లేదంటే సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ వైపు పోతాడు. పెద్దల మాటకు ఊరిదాకానే బలం. తీర్పు చెప్పడానికి వాళ్ళకు నోరుంది, వసూలు చేయడానికి చెయ్యి లేదు. ఆ బాండు పేపరు పట్టుకొని పోయి నేరుగా వాడి ఆస్తి జప్తు చేయమంటే కోర్టు చేయదు, ఎందుకంటే అది కోర్టు ఇచ్చిన డిక్రీ కాదు.

అలాగని ఆ కాగితం చించి పారేయొద్దు. పెళ్ళి జరిగిందని, విడిపోయారని, వాడు ఇంత ఇస్తానని ఒప్పుకున్నాడని చెప్పే సాక్ష్యం అది. మన ఏజెన్సీలో పెళ్ళిళ్ళకు ఫొటోలు, శుభలేఖలు, రిజిస్ట్రేషన్లు తక్కువ. భార్యాభర్తలుగా ఏళ్ళ తరబడి కలిసి ఉన్నారని తేలితే మనోవర్తి కేసులో పెళ్ళికి గట్టి రుజువులు అడగనక్కర లేదని సుప్రీంకోర్టు 2018లో కూడా చెప్పింది. అయినా చేతిలో ఒక కాగితం ఉంటే ఆ మేరకు పని తేలికవుతుంది.

మరి "ఇక ఏమీ అడగకూడదు" అన్న మాట? అక్కడే మన చెల్లెళ్ళు ఆగిపోతున్నారు. "సంతకం పెట్టిన కదక్కా, ఇంకేం అడుగుత" అంటారు. మనోవర్తి హక్కును ముందే వదులుకుంటున్నానని రాసిచ్చిన మాట ప్రజాహితానికి విరుద్ధం, అది చెల్లదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ఇక పిల్లల తిండి ఖర్చు అయితే తల్లి సంతకంతో పోయేది కాదు. అది పిల్లల హక్కు. తల్లిదండ్రులిద్దరూ కలిసి రాసినా దాన్ని తీసేయలేరు.

ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త. విడాకులు కాకుండానే "ఇద్దరం ఇష్టప్రకారం విడిగా ఉంటున్నాం" అని కాగితం రాస్తున్నారు కొందరు. చట్టంలో ఒక వాక్యం ఉంది. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని. వాడి తరఫు వకీలు ఆ కాగితాన్నే పట్టుకుంటాడు. విడాకులు అయిపోయిన స్త్రీకి ఆ వాక్యం వర్తించదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది గానీ, విడాకులు కానివాళ్ళు ఇరుక్కుపోతారు. కొట్టి వెళ్ళగొడితే కొట్టి వెళ్ళగొట్టాడనే రాయించండి. ఇంకొకతెను తెచ్చుకుంటే తెచ్చుకున్నాడనే రాయించండి. భర్త వేరే పెళ్ళి చేసుకోవడం అతనితో ఉండకపోవడానికి న్యాయమైన కారణమని చట్టమే చెప్తుంది. పెద్దమనుషులు మర్యాద కోసం "ఇష్టప్రకారం" అని రాస్తారు. ఆ మర్యాద ఖర్చు మనం కడుతున్నాం.

ఇప్పుడు చట్టం సంగతి. ఇంతకుముందు అందరూ నూట ఇరవై ఐదు సెక్షన్ అనేవారు. అది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అందులో ఇది 144వ సెక్షన్. నంబరు మారింది, లోపలి సరుకు దాదాపు అదే. మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, హిందూ వివాహ చట్టం గిరిజనులకు వర్తించదు. ఆ చట్టంలోనే రెండో సెక్షన్‌లో రాసి ఉంది, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఇది లేదని. అందుకని కోయ, కొండరెడ్డి అక్కచెల్లెళ్ళు ఆ చట్టం కింద శాశ్వత భరణం అడగడం కుదరదు. కానీ 144వ సెక్షన్‌కు కులం లేదు, మతం లేదు, తెగ లేదు. తనను తాను పోషించుకోలేని భార్య, విడాకులయ్యాక మళ్ళీ పెళ్ళి చేసుకోని స్త్రీ, మైనరు పిల్లలు, ముసలి తల్లిదండ్రులు అందరూ అడగవచ్చు. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ కూడా అడగవచ్చు. దరఖాస్తు మేజిస్ట్రేట్ ముందు వేయాలి, మనకు భద్రాచలం. మన ఏజెన్సీలో సివిల్ తగాదాలు 1924 నాటి ఏజెన్సీ రూల్స్ దారిన నడుస్తాయి గానీ, ఇది మేజిస్ట్రేట్ చూసేది కాబట్టి ఆ చుట్టుదారి ఉండదు. ఆమె ఇప్పుడు ఉంటున్న చోటే వేయవచ్చు, వాడు ఉన్న ఊరికి పోనక్కర లేదు.

నెలకు ఐదు వందలకు మించి ఇయ్యకూడదని పాత చట్టంలో పరిమితి ఉండేది. 2001లో అది తీసేశారు. ఇంకా ఐదు వందలే వస్తాయని చెప్పే పెద్దమనుషులు మన మండలంలో ఉన్నారు కాబట్టి ఈ సంగతి చెప్తున్నాం.

కేసు నడిచేటప్పుడు "నాకేం ఆదాయం లేదు" అంటాడు వాడు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీనికి మందు చెప్పింది. ఇద్దరూ తమ ఆస్తి, అప్పు, ఆదాయం ప్రమాణపత్రం మీద రాసి ఇయ్యాలి. ఉద్యోగులకు ఒక నమూనా, వ్యవసాయం మీద బతికేవాళ్ళకు వేరే నమూనా కూడా ఇచ్చారు. దాంట్లో అబద్ధం రాస్తే అది కోర్టుకు చెప్పిన అబద్ధమవుతుంది. మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. తీర్పు రావడానికి రెండేళ్ళు పట్టి నెలకు మూడు వేలు ఇమ్మన్నారనుకోండి, తీర్పు వచ్చిన రోజుకే డెబ్బై రెండు వేలు బకాయి ఉన్నట్టు. ఒళ్ళు బాగున్న మగవాడు కూలి చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో ఇంకో తీర్పు వచ్చింది. కాబట్టి "పని లేదు" అన్న ఒక్క మాటతో తప్పించుకోవడం కష్టం. అయినా వాడికి ఎన్ని ఎకరాల మిర్చి, ఎన్ని ఎకరాల పత్తి, ట్రాక్టరు ఉందా, ఆటో ఉందా అన్నది మనం చెప్పాల్సిందే. కోర్టుకు మన ఊరు తెలవదు.

ఇక ఆర్డరు వచ్చింది, వాడు కట్టలేదు. అప్పుడు?

ఆమె మళ్ళీ అదే కోర్టులో బకాయి వసూలుకు పిటిషను వేయాలి. తనంతట తానుగా కోర్టు వసూలు చేయదు, ఈ సంగతి తెలవక ఆర్డరు కాపీ ట్రంకు పెట్టెలో పెట్టుకొని ఎదురుచూసిన వాళ్ళను మేము చూశాం. పిటిషను వేస్తే, సరైన కారణం లేకుండా కట్టలేదని తేలితే, మేజిస్ట్రేట్ వారంటు ఇస్తారు. జరిమానా వసూలు చేసినట్టే ఈ డబ్బు వసూలు చేస్తారు. కదిలే ఆస్తిని జప్తు చేసి అమ్మవచ్చు, లేదంటే భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేయమని కలెక్టరుకు పంపవచ్చు. అప్పటికీ డబ్బు రాకపోతే జైలు. ఒక నెల దాకా, లేదా అంతకంటే ముందే కట్టేస్తే కట్టేదాకా.

"జైలుకు పోయొస్తే అప్పు తీరినట్టే కదా" అని ఒకాయన సంతలో నిలబడి అన్నాడట. తీరదు. జైలు అనేది కట్టించడానికి పెట్టే ఒత్తిడే గానీ డబ్బుకు బదులు కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో స్పష్టంగా చెప్పింది, 1989 లా రిపోర్టుల్లో ఆ తీర్పు అచ్చయి ఉంది. జైలుకు పోయొచ్చినా బకాయి బకాయిగానే ఉంటుంది.

ఇక్కడ మా అనుభవం కూడా చెప్పాలి. జైలు మాట వినగానే మన చెల్లెళ్ళే వెనక్కి తగ్గుతారు. పిల్లల తండ్రిని జైలుకు పంపిన దానివని జీవితాంతం అంటారని భయం. నిజమే, అంటారు. కానీ మేము చూసినంతలో వారంటు చేతిలోకి వచ్చాక చాలామంది జైలుదాకా పోరు. అన్నదమ్ములు, మేనమామలు కలిసి ఎక్కడో అక్కడ డబ్బు తెస్తారు. అంతకుముందు ఏడాదంతా లేని డబ్బు ఆ వారంలో దొరుకుతుంది. జైలు వల్ల డబ్బు వస్తుందని మేము నమ్మం, జైలు తలుపు దగ్గర డబ్బు వస్తుంది. దానికోసం ఆమె ఒక్కతే ఆ మాటలు పడకుండా కోర్టుకు పోయే రోజు పక్కన ఇద్దరు సంఘం సభ్యులు ఉండాలి, అంతే.

ఇప్పుడు చెప్పేది అందరూ గట్టిగా పట్టుకోవలసిన సంగతి. నిద్రపోతున్న వాళ్ళుంటే పక్కవాళ్ళు లేపండి. వారంటు దారిన వసూలు చేయాలంటే డబ్బు బకాయి పడ్డ తేదీ నుంచి ఒక్క ఏడాది లోపల పిటిషను వేయాలి. ఏడాది దాటిన నెలలు ఆ దారిలోంచి జారిపోతాయి. నెలకు మూడు వేల ఆర్డరు ఉండి, ఇరవై ఆరు నెలలు ఊరుకొని అప్పుడు పోతే, వారంటు కింద వచ్చేది చివరి పన్నెండు నెలల ముప్పై ఆరు వేలే. మిగతా నలభై రెండు వేలు? హక్కు పోలేదు. ఏడాది గడువు ఈ ఒక్క దారికే గానీ హక్కును చంపదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మనోవర్తి ఆర్డరును సివిల్ కోర్టు డబ్బు డిక్రీ లాగా కూడా అమలు చేయవచ్చని 2020 తీర్పులో ఉంది. కానీ అది ఇంకో పిటిషను, ఇంకో తిరుగుడు. గడువు లోపల ఒకసారి పిటిషను వేసి ఉంచితే, అది నడుస్తుండగా పెరిగే బకాయిల కోసం ప్రతిసారీ కొత్తది వేయనక్కర లేదని 2005లో ఇంకో తీర్పు ఉంది. కాబట్టి మూడు నెలలు తప్పితే చాలు, పిటిషను వేయండి. మన అప్పు పుస్తకంలో రాసుకున్నట్టే ఏ నెలది వచ్చింది, ఏ నెలది రాలేదు, చేతికిచ్చాడా, ఫోన్ పేలో వేశాడా అని ఒక నోటు పుస్తకంలో తేదీలు వేసి రాసుకోండి. చేతికిస్తే సాక్షి ముందు తీసుకోండి, లేదంటే బ్యాంకులో వేయమనండి. "ఇచ్చాను" అని వాడు, "ఇయ్యలేదు" అని ఆమె అంటే కోర్టు ఆ పుస్తకమే అడుగుతుంది.

వాడేం పని చేస్తాడన్న దాన్ని బట్టి దారి మారుతుంది. ప్రభుత్వ ఉద్యోగో, కంపెనీ ఉద్యోగో అయితే జీతం జప్తు మంచి దారి. మామూలు అప్పు డిక్రీలో జీతంలో మొదటి వెయ్యి, మిగిలిన దాంట్లో మూడింట రెండొంతులు వదిలేయాలి. మనోవర్తి డిక్రీలో ఉద్యోగికి మిగిల్చేది మూడో వంతే, మూడింట రెండొంతుల దాకా పట్టవచ్చు. చట్టం భార్యాపిల్లల తిండిని వడ్డీ వ్యాపారి అప్పు కంటే పైన పెట్టింది. గృహహింస చట్టం కింద డబ్బు ఇమ్మని ఆర్డరు ఉంటే, జీతమిచ్చే యజమానినే నేరుగా ఆమెకు ఇమ్మని మేజిస్ట్రేట్ చెప్పవచ్చు.

కూలి చేసుకునే వాడయితే సివిల్ దారిలో ఏమీ దొరకదు. కూలీ డబ్బులు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. రైతయితే దున్నే పనిముట్లు, సేద్యానికి కావలసిన ఎడ్లు, విత్తనాలు ముట్టరు. వంట గిన్నెలు, కట్టుబట్టలు ముట్టరు. అది న్యాయమే, మన ఇళ్ళకు కూడా ఆ రక్షణ కావాలి. అందుకే మన దగ్గర ఎక్కువమందికి మేజిస్ట్రేట్ వారంటు దారే పనికొస్తుంది.

భూమి గురించి అడుగుతారు. అటవీ హక్కుల పట్టా భూమి అమ్మడానికి లేదు, వారసులకు వస్తుంది గానీ చేతులు మారదు, కాబట్టి దాన్ని వేలం వేయించి డబ్బు తీసుకుందామనే ఆశ పెట్టుకోవద్దు. కానీ ఒక సంగతి చాలామందికి తెలవదు. 2006 చట్టం ప్రకారం పెళ్ళయిన వాళ్ళకు ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. మీ పట్టా తీసి చూడండి, మీ పేరు ఉందో లేదో. పంచాయితీలో విడాకుల మాటలు నడిచేటప్పుడు "భూమి నాది" అని వాడు అంటే ఆ కాగితం ముందు పెట్టండి. మిగతా భూములకు 1970లో సవరించిన ఒకటి డెబ్బై చట్టం ఉంది కాబట్టి గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోదు.

సరిహద్దు సంగతి. మన మండలానికి అటు ఛత్తీస్‌గఢ్, ఇటు 2014 తర్వాత ఆంధ్రలోకి పోయిన ఊళ్ళు. భద్రాచలం ఊరు దాటితే ఎటపాక, అది ఇంకో రాష్ట్రం. బంధుత్వాలు మాత్రం రాష్ట్రాలు చూసి కలుపుకోలేదు కదా. "వాడు అటు పోయాడు, ఇక్కడి ఆర్డరు అక్కడ చెల్లదు" అని చెప్తున్నారు. చెల్లుతుంది. మనోవర్తి ఆర్డరును వాడు ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేట్ అమలు చేయవచ్చని 147వ సెక్షన్‌లో ఉంది. ఆర్డరు నకలు ఉచితంగా ఇయ్యాలి, అది పట్టుకొని అక్కడికి పోవచ్చు. నోటీసు తీసుకోకుండా కావాలని తప్పించుకుంటే వాడు లేకుండానే కేసు విని తీర్పు చెప్పవచ్చు కూడా.

కోర్టులో పరస్పర అంగీకార విడాకులు తీసుకునే గిరిజనేతర సభ్యుల కోసం కొంచెం. అక్కడ రెండు మెట్లుంటాయి. మొదటి పిటిషను, ఆరు నెలల తర్వాత రెండోసారి హాజరు. ఆ ఆరు నెలలు తగ్గించవచ్చని 2017లో తీర్పు వచ్చింది. ఒప్పుకున్న డబ్బు మొత్తం రాకుండా రెండోసారి ఒప్పుకోనక్కర లేదు. డిక్రీ అయ్యేదాకా ఆమె ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు. అసలు బలం అంతా అక్కడే ఉంది, డిక్రీ అయ్యాక ఆ బలం తగ్గుతుంది. చివరి విడత డీడీ జడ్జి గారి ముందే చేతిలో పెట్టాలని రాయించండి. వరకట్న వేధింపుల కేసు వెనక్కి తీసుకునేది కూడా డబ్బు వచ్చిన రోజే, ముందు కాదు. తేదీలు వేసిన చెక్కులు ఇస్తే తీసుకోవచ్చు, కానీ చెక్కు తిరిగొస్తే గడువులు చిన్నవి. బ్యాంకు కాగితం వచ్చిన ముప్పై రోజుల్లో నోటీసు, వాడికి పదిహేను రోజులు, ఆ తర్వాత నెల లోపల కేసు. ఆ కేసులో రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా ఉంది. ఇంకొకటి, కట్టేస్తానని కోర్టుకు హామీ ఇచ్చి తప్పితే కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అది ఉత్త ఒప్పందం లాగా రాస్తే ధిక్కారం కాకపోవచ్చు. "కోర్టుకు హామీ ఇస్తున్నాను" అన్న మాట ఉండాలి, వకీలును అడిగి రాయించుకోండి.

పెద్దల పంచాయితీ వద్దని మేము అనడం లేదని ముందే చెప్పాం. పంచాయితీలో ఒప్పుకున్నదాన్ని కోర్టులో కేసు వేసి లోక్ అదాలత్‌లో రాయించుకుంటే చాలు. లోక్ అదాలత్ ఇచ్చిన అవార్డు 1987 చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అదే మాటలు, అదే మొత్తం, అదే పెద్దమనుషులు సాక్షులు. బాండు పేపరుకు లేని చెయ్యి దానికి వస్తుంది.

వాడికి నిజంగానే జబ్బు చేసింది, పని చేయలేడు అనుకుందాం. అలాంటివీ ఉన్నాయి, అబద్ధం అనకూడదు. అప్పుడు వాడు కోర్టుకు పోయి మొత్తం తగ్గించమని అడగాలి, దానికి 146వ సెక్షన్ ఉంది. తనంతట తాను ఆపేయకూడదు. అదే సెక్షన్ కింద ధరలు పెరిగాయి, పిల్లల చదువు పెరిగింది, పెంచమని ఆమె కూడా అడగవచ్చు. విడాకులైన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె మనోవర్తి ఆగుతుంది, పిల్లలది ఆగదు. పిల్లవాడిని చూపించడం లేదని డబ్బు ఆపుతామంటారు కొందరు. డబ్బు ఇయ్యలేదని పిల్లవాడిని చూపించని వాళ్ళు మనలోనూ ఉన్నారు. కోర్టు చూపించమన్న రోజున చూపించండి. మన వైపు తప్పు కనపడితే వాడికి అదొక సాకు.

ముస్లిం అక్కచెల్లెళ్ళకు ఇది వర్తించదనే మాట ఇంకా తిరుగుతోంది. ఇండోర్‌లో షా బానో గారికి మొదట మేజిస్ట్రేట్ ఇమ్మన్నది నెలకు ఇరవై ఐదు రూపాయలు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ డబ్బు కోసం ఆమె కేసు 1985లో సుప్రీంకోర్టు దాకా పోయింది, గెలిచింది, తర్వాతి ఏడాదే వేరే చట్టం వచ్చింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళకు, 2024 జులై 10న, మన తెలంగాణ నుంచి పోయిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షన్ కింద అడగవచ్చని. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు ఇరవై వేలు ఇమ్మంటే హైకోర్టు పది వేలు చేసింది. ఆ పది వేలు కూడా ఎందుకియ్యాలని భర్త ఢిల్లీ దాకా పోయి ఓడిపోయాడు.

అమెరికాలో పిల్లల ఖర్చు బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇయ్యరట. మన వాళ్ళకు పాస్‌పోర్టు ఎక్కడిది అని మా కమిటీలో ఒకక్క నవ్వింది. అయినా అక్కడ ఒక పద్ధతి ఉంది, బకాయిని ప్రభుత్వమే లెక్కపెడుతుంది. మన దగ్గర లెక్కపెట్టే పని ఆమెదే, అందుకే నోటు పుస్తకం గురించి అంతసేపు చెప్పాం.

వాడి ఇంటి ముందు పదిమందిమి పోయి కూర్చుందామని కొన్ని గ్రామైక్య సంఘాలు అడిగాయి. మేము ఒప్పుకోలేదు. ఒక రోజు ఊరంతా చూస్తుంది, మర్నాడు మన మీదే కేసు పెడతారు, ఆమె అసలు కేసు పక్కకు పోతుంది. దానికన్నా వకీలును పెట్టించడం మేలు. డబ్బులెక్కడివి అంటారేమో. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇయ్యాలి, అది చట్టం. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కొడుతున్నాడు, బెదిరిస్తున్నాడు అంటే 181.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మా కమిటీ వెనక గదిలో కూర్చుంటుంది. ఎవరికైనా ఇలాంటి బకాయి ఉంటే ఆధార్, పిల్లల పుట్టిన తేదీ కాగితాలు, బాండు పేపరు గానీ కోర్టు ఆర్డరు గానీ తీసుకొని రండి. కాగితాలు ఇంటి దగ్గర ఉంటే ఫొటో తెప్పించండి. అన్నిటికన్నా ముందు ఆర్డరు మీద తేదీ చూస్తాం, ఏడాదికి ఇంకెన్ని రోజులున్నాయో లెక్కపెడతాం. తక్కువ రోజులున్న వాళ్ళను ముందు పంపిస్తాం, మిగతా వాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి.